లైన్లో పెట్టిన సంచి

అనకాపల్లిలో ఎవరు మొదటిసారి విమానం ఎక్కాలన్నా ముందు మా ఆయన దగ్గరకే వస్తారు. ఆయన పేరు నానాజీ. నెహ్రూచౌక్ దగ్గర టాక్సీ స్టాండులో ఇరవై రెండేళ్ళుగా కారు నడుపుతున్నాడు. విశాఖ ఎయిర్‌పోర్టు మాకు గంట దూరం. దుబాయ్ వెళ్ళే కుర్రాళ్ళు, కూతురి పురిటికి బెంగుళూరు వెళ్ళే ముసలమ్మలు, ఈసారి తిరుపతికి గాల్లో వెళ్దామని ముచ్చటపడ్డ బెల్లం వ్యాపారులు, అందరికీ ఈయనే గురువు. కారు బానెట్టు మీది దుమ్ములో వేలితో గీతలు గీసి మరీ చెబుతాడు.

"ఇదిగో బావా, ఇది గేటు. ఇక్కడ ఆధారు కార్డు సూపించు. లోపలికెళ్ళగానే ఎడం సేతి పక్క కౌంటరు. అక్కణ్ణించి పైకి. ఇంకేటుంది, కుర్సీలో కూకో. ఆళ్ళే పిలుత్తారు."

విన్నవాళ్ళు ధైర్యంగా వెళ్ళేవారు. తిరిగొచ్చి "నువ్వు సెప్పినట్టే ఉంది బావా" అనేవారు. ఈయన మీసం దువ్వుకునేవాడు.

ఒక్క సంగతి మాత్రం నాకు తప్ప ఎవరికీ తెలీదు. మా ఆయన ఆ గేటు దాటి ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు. జనాన్ని దిగబెట్టడం, తిరుగు బేరం ఎక్కించుకోవడం, అంతే. లోపలి సంగతులన్నీ కారులో కూర్చున్నవాళ్ళ నోటి నుంచి ఏరుకొచ్చినవే. పైగా ఆయనకి ఇంకో రోగం ఉంది. చచ్చినా దారి అడగడు. ఓసారి నక్కపల్లి అవతల ఒక పల్లెకి పెళ్ళికి వెళ్తూ గంటసేపు చెరకు తోటల మధ్య తిప్పాడు కానీ, కారాపి ఒక్కణ్ణి అడిగితే ఒట్టు. మేం వెళ్ళేసరికి తాళి కట్టడం అయిపోయింది, భోజనాలూ అయిపోయాయి. "దారి అడిగినోడు డ్రైవరేటే?" అని మళ్ళీ నా మీదే ఎగిరాడు. పాతికేళ్ళ కాపురంలో ఆ మనిషి నోటి వెంట తెలీదు అన్న మాట నేను వినలేదు.

ఇలాంటి మనిషిని కట్టుకుని నెగ్గుకొచ్చానంటే నా ఓపిక చూడండి. నా పేరు తలుపులమ్మ. మాది కొండకర్ల. బ్లౌజులు కుడతాను. నోరు కాస్త పెద్దదే, అది నేనే ఒప్పుకుంటాను.

ఆయనకి ఒక్కతే చెల్లెలు, శ్రీదేవి. తండ్రి ముందే లేడు. తల్లి పోయేనాటికి ఈయనకి పంతొమ్మిది, ఆ పిల్లకి ఆరు. జడలు వెయ్యడం రాక పక్కింటావిడ దగ్గర నేర్చుకుని మరీ వేసి బడికి పంపేవాడట. నేను కాపురానికి వచ్చేసరికి ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు. అన్నం నేను కలిపితే తినేది కాదు, అన్నయ్యే కలపాలి. నాకు ఒళ్ళు మండిపోయేది. తర్వాత తర్వాత నా ఒళ్ళోనే పెరిగింది. అయ్యప్ప అనే ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చి చేశాం. వాళ్ళు హైదరాబాదులో ఉంటారు. పెళ్ళయిన పదకొండేళ్ళకి కడుపు పండింది.

ఆరో నెలలో రక్తపరీక్ష చేసి డాక్టర్లు కంగారుపడ్డారు. ఆమెది బాంబే గ్రూపట. వేలమందిలో ఒక్కరికి ఉంటుందట, మామూలు రక్తం ఏదీ ఆమెకి పనికిరాదట. పైగా మాయ కిందికి ఉంది, కాన్పులో రక్తం బాగా పోవచ్చు అన్నారు. తోడబుట్టినవాళ్ళకి పరీక్ష చేయించమంటే మా ఆయనకి చేయించాం. అదే గ్రూపు. ఆ రిపోర్టు వచ్చిన రోజు ఈయన స్టాండులో అందరికీ స్వీట్లు పంచాడు.

తొమ్మిదో నెల వచ్చాక, పదిహేనో తారీకున రైల్లో వెళ్ళి ముందుగానే రక్తం ఇచ్చి ఉంచాలనుకున్నాం. తొమ్మిదో తారీకు తెల్లవారేసరికి అయ్యప్ప ఫోను.

"అక్కా, రక్తం పోతంది. ఆగట్లేదు. వెంటనే ఆపరేసను సెయ్యాలంటన్నారు. బావ రక్తం సేతిలో ఉంటే గానీ కత్తి పెట్టలేమంటన్నారు. మద్దేనం రెండు దాటితే తల్లికీ బిడ్డకీ..."

రక్తం ఇక్కడే తీయించి పంపుదామా అంటే పరీక్షలు అయి అది చేరేసరికి సాయంత్రం దాటుతుందన్నారు. మనిషే రావాలి. రైలైతే రాత్రికి గానీ చేరదు. అయ్యప్పే పది నలభై విమానానికి మా ఇద్దరికీ టికెట్లు తీసి, గళ్ళ గళ్ళ బొమ్మ ఉన్న కాగితాలేవో ఈయన ఫోనుకి పంపాడు. రక్తం ఇవ్వడానికి ఆయన, శ్రీదేవి పక్కన కూర్చోడానికి నేను.

చేతి సంచి ఒక్కటే సర్దాను. నాలుగు జతల బట్టలు, రిపోర్టు ఫైలు, ఇంట్లో ఉన్న మాడుగుల హల్వా డబ్బా. లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాక దాటాం. దారంతా లారీవాళ్ళని తిట్టే మనిషి ఆ రోజు ఒక్కణ్ణీ తిట్టలేదు. ఎయిర్‌పోర్టులో కారు పెట్టేసరికి తొమ్మిదికి పావు తక్కువ. అదృష్టం, బోలెడు టైముంది అనుకున్నాను.

గేటు దగ్గర ఆధారు కార్డులు, ఫోనులో కాగితం చూసి లోపలికి వదిలారు. అడుగు పెట్టగానే చల్లగాలి, నున్నటి నేల, ఎటు చూసినా బోర్డులు. మా ఆయన ఒక్క క్షణం ఆగాడు. తర్వాత తనెప్పుడూ చెప్పినట్టే ఎడమ చేతివైపు తిరిగి అక్కడున్న లైన్లో నిలబడ్డాడు.

"ఏటండీ, ఈ కౌంటరు మీద రంగు ఏరేగా ఉంది. మన కాగితం మీద బొమ్మ ఇది కాదు. ఎవరినైనా అడుగుదాం" అన్నాను.

"నువ్వాగు. నాకు తెలీందా?"

పక్కనే యూనిఫాం వేసుకున్న అబ్బాయి నిలబడి ఉన్నాడు, నోరు తెరిస్తే చెబుతాడు. నేను అటు ఒక అడుగు వేస్తే ఈయన నా మోచెయ్యి పట్టుకుని ఆపేశాడు. సరే, ఇన్ని వందల మందికి చెప్పిన మనిషి కదా అని ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పు. అరగంట పైన నిలబడ్డాక కౌంటరు అమ్మాయి ఫోను చూసి, "ఇది మా ఫ్లైట్ కాదండీ, మీది అటు చివర" అంది.

అటు చివర చూస్తే నలభై మంది ఉన్నారు. గోడ మీద గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. ఈయన మొహం నల్లబడిపోయింది. "నువ్వు లైన్లో ఉండు, ఎవడో పెద్దోడితో మాటాడి వత్తాను" అని విసురుగా వెళ్ళిపోయాడు.

నేను లైన్లో నిలబడ్డానో లేదో, నా ఫోను మోగింది. అయ్యప్ప. "అక్కా, డాక్టరమ్మ అడుగుతంది, బావ విమానం ఎక్కేడా లేదా, అది తేలితే గానీ తియేటరు సిద్ధం సెయ్యరు. బావ ఫోను ఎత్తట్లేదు. బావతో మాటాడాలంట." లైను వదిలితే మళ్ళీ అందరి వెనకా పడతాను. వదలకపోతే ఈయన దొరకడు.

అప్పుడు చేశాను ఆ పని. సంచి నేల మీద పెట్టి, దాని మీద ఈయన తువ్వాలు పరిచి, ముందున్న అమ్మాయితో "తల్లీ, ఇది నా వరస, సూత్తండు" అని చెప్పి పరిగెత్తాను. ఆ అమ్మాయి చెవుల్లో ఏవో పెట్టుకుని ఉంది, విందో లేదో చూడలేదు. మా ఊళ్ళో ఇది అందరూ చేసేదే. బస్సు కాంప్లెక్సులో మాడుగుల బస్సు వస్తే కిటికీలోంచి తువ్వాలు విసురుతాం, తువ్వాలు పడ్డ సీటులో ఇంకెవరూ కూర్చోరు. రేషను షాపు దగ్గర సంచులన్నీ వరసగా పెట్టి మేం నీడన కూర్చుంటాం. సంచి ఉందంటే మనిషి ఉన్నట్టే. పుట్టి బుద్ధెరిగాక అలాంటి సంచిని ఎవరైనా అనుమానంగా చూడగా నేను చూడలేదు.

ఈయన హాలు అవతలి కొసన, పేర్లూ టైములూ మారిపోతూ ఉండే పెద్ద బోర్డు కింద నిలబడి ఉన్నాడు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. మెడ ఎత్తి బోర్డునే చూస్తున్నాడు. నేను దగ్గరికి వెళ్ళినా తల తిప్పలేదు.

"నాకేటీ తెలీట్లేదే తలుపులూ" అన్నాడు. "అంతా మారిపోయింది. నాకేటీ తెలీట్లేదు."

ఆయన్ని తిట్టడానికే వెళ్ళాను, తిట్టు నోట్లోంచి రాలేదు. ఫోను ఆయన చెవికి పెట్టాను. డాక్టరమ్మతో "వత్తన్నానమ్మా, దారిలో ఉన్నాను, తియేటరు సిద్ధం సేసుకోండి" అని చెప్పాడు.

వెనక్కి వస్తుంటే విజిల్ వినిపించింది.

మా లైను చెదిరిపోయింది. మనుషుల్ని దూరంగా నెట్టేస్తున్నారు. మధ్యలో ఖాళీ నేల మీద మా సంచి, దాని మీద ఎర్ర గళ్ళ తువ్వాలు. చుట్టూ తుపాకులు పట్టుకున్న పోలీసులు. ఒకతను వైర్‌లెస్‌లో గట్టిగా మాట్లాడుతున్నాడు. కుక్కని తెస్తున్నారని ఎవరో అన్నారు.

మా ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. చెవిలో "మాటాడకు. మనది కాదు. మనదంటే పట్టుకుపోతారు, విమానం ఎల్లిపోద్ది. టికెట్టు నా జేబులోనే ఉంది. పద, అటు తిరుగు" అన్నాడు.

నిజంగానే రెండడుగులు వేశాను. శ్రీదేవి కళ్ళ ముందు మెదిలింది. బట్టలు పోతే పోనీ, ఫైలు పోతే ఆస్పత్రిలో మళ్ళీ పరీక్ష చేస్తారు. కానీ పక్కన సూట్‌కేసు పట్టుకున్న పెద్దాయన భార్యతో చెబుతున్నాడు: "ఎవరిదో తేలకపోతే హాలంతా ఖాళీ చేయిస్తారు. అన్ని విమానాలూ ఆపేస్తారు. ఇంక మనం వెళ్ళినట్టే."

కాళ్ళు ఆగిపోయాయి. మేం నోరు మూసుకుంటే మా విమానం కూడా కదలదు. నేను ఈయన చెయ్యి విదిలించుకున్నాను.

"నాది బాబూ! ఆ సంచి నాది!" అని అరిచి చేతులు రెండూ పైకెత్తి ముందుకి వెళ్ళాను.

నలుగురు నా మీదకొచ్చారు. "ఆగు, అక్కడే ఆగు" అని హిందీలో కేకలు. నేను ఆగిపోయాను. ఒక ఆఫీసరు హిందీలో గబగబా అడుగుతుంటే తెలుగు వచ్చిన లేడీ కానిస్టేబుల్ నా పక్కకి వచ్చింది.

"సంచి ఎందుకు వదిలేశారమ్మా?"

"వదల్లేదు తల్లీ. వరస ఆపేను. తువ్వాలు ఏసేను కదా మీదన!"

ఆమెకి అర్థమైంది, ఆ మొహం చూస్తే తెలిసిపోయింది. ఆఫీసరుకి బస్సు, తువ్వాలు, సీటు అని చెప్పింది. ఆయన నవ్వలేదు. సంచి మిషన్‌లో పెట్టి, కుక్కతో వాసన చూపించి, ఒక్కొక్కటీ తీసి టేబులు మీద పరిచారు. నా లంగాలు, ఆయన బనియన్లు, హల్వా డబ్బా, అన్నీ జనం ముందు. సిగ్గుపడే తీరిక కూడా లేదు. నేను గడియారం వైపే చూస్తున్నాను. తొమ్మిదీ యాభై అయిదు.

"మా ఆడపడుచుకి రక్తం ఇవ్వాలి తల్లీ, ఈయన ఎల్లకపోతే సచ్చిపోద్ది. ఇదిగో ఈ ఫైలు సదువు" అని ఆ పిల్ల చేతిలో రిపోర్టు పెట్టాను. ఆమె చదివి ఆఫీసరుకి చూపించింది. ఆయన కూడా చదివాడు. తర్వాత ఆమె మా ఆయన ఫోను అడిగి చూసింది.

"ఇది బోర్డింగ్ పాసే కదండీ. చెక్ ఇన్ అయిపోయింది. మీకు చేతి సంచి ఒక్కటేగా? ఈ లైన్లో అసలు నిలబడక్కర్లేదు. లోపలికి రాగానే నేరుగా పైకి వెళ్ళిపోవచ్చు."

మేం నిలబడ్డ రెండు లైన్లూ మాకు అక్కర్లేనివే. ఆ యూనిఫాం అబ్బాయిని అడిగి ఉంటే ఒక్క ముక్కలో చెప్పేవాడు. నాకు ఈయన మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. నన్ను నేనూ తిట్టుకున్నాను.

ఆఫీసరు ఏదో చెప్పాడు. ఆ పిల్ల నా వైపు తిరిగి మెల్లిగా చెప్పింది. "సంచి పెట్టింది మీరు కాబట్టి మీరు ఉండాలమ్మా. స్టేట్‌మెంటు రాసి సంతకం పెట్టాలి, పైనుంచి పెద్దాఫీసరు రావాలి. ఆయన్ని వెళ్ళనిస్తారట. ఆయన ఒక్కరే వెళ్ళాలి."

"ఒక్కణ్ణేనా?" అన్నాడు మా ఆయన. గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది. "తలుపులూ, నువ్వు లేకపోతే నేనెలాగ..."

"ఎల్లండి! నిలబడ్డారేటి? నోరుంది కదా, అడగండి! కుక్కనైనా పిల్లినైనా అడగండి. ఎల్లండి మీరు!" అని ఆయన్ని రెండు చేతులతో నెట్టేశాను. ఫైలు చేతిలో పెట్టాను. ఆయన వెళ్ళాడు. మెట్ల మీద రెండేసి అంగలు వేస్తూ పైకి వెళ్ళి కనబడకుండా పోయాడు. పదీ అయిదు.

నన్ను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. పేరు, ఊరు, ఎందుకొచ్చావు, సంచి ఎప్పుడు పెట్టావు, ఎన్ని నిమిషాలు. చెబుతున్నాను కానీ చెవులు మైకు మీదే ఉన్నాయి. పదీ పది దాటాక అందులో ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో చెబుతూ మా ఆయన పేరు పలికింది. నానాజీ. కొంచెంసేపటికి మళ్ళీ నానాజీ. అంటే ఇంకా చేరలేదన్నమాట. ఎక్కడున్నాడో, ఏ బోర్డు కింద మెడ ఎత్తి నిలబడిపోయాడో. లేచి తలుపు దాకా వెళ్ళాను. కూర్చోమన్నారు. మూడోసారి పిలిచింది. చేతులు జోడించి, "తల్లీ, ఒక్కసారి పైకెళ్ళి సూడవా" అని ఆ కానిస్టేబుల్ పిల్లని అడిగాను. డ్యూటీ వదిలి వెళ్ళలేనంది. నాలుగోసారి పిలవలేదు.

ఎక్కాడా? తలుపు వేసేశారా? ఆయన ఫోనుకి చేశాను. స్విచాఫ్. ఎక్కినా స్విచాఫే, చార్జింగ్ అయిపోయినా స్విచాఫే. అయ్యప్ప రెండుసార్లు చేశాడు. ఏం చెప్పను? ఎత్తలేదు. నా జన్మలో అంత భయపడలేదు. నేను పెట్టిన సంచి వల్ల ఒక పిల్ల పోతుంది, నేను ఒళ్ళో పెట్టుకుని పెంచిన పిల్ల. అదొక్కటే బుర్రలో తిరుగుతోంది.

పదకొండున్నరకి సంతకాలు పెట్టించుకుని, సంచి చేతికిచ్చి, ఇంకెప్పుడూ ఇలా చెయ్యొద్దని చెప్పి పంపేశారు. బయట బెంచీ మీద కూర్చున్నాను. కారు ఎదురుగానే ఉంది, తాళం ఆయన జేబులో ఉంది. పన్నెండూ పదికి ఫోను మోగింది.

"ఒసే, దిగేనే!"

"ఎక్కేరా! ఎలా ఎక్కేరండీ?" అని అరిచాను. బెంచీ మీదున్నవాళ్ళు తిరిగి చూశారు.

టాక్సీలో ఆస్పత్రికి వెళ్తూ చెప్పాడు. పైన చెకింగులో వెండి మొలతాడు కీచుమందట, చొక్కా ఎత్తి చూపించాల్సి వచ్చిందట. ఆ తర్వాత పెద్ద హాలు, అన్నీ గాజు తలుపులే. మైకులో తన పేరు వినబడుతోంది కానీ ఎటు పొమ్మంటున్నారో అర్థం కాలేదు. హాలు మధ్యలో నిలబడి, "అయ్యా, అమ్మా, నాకు దారి తెలీదు! హైదరాబాదు విమానం ఎటో సెప్పండి! నా సెల్లి సచ్చిపోతంది!" అని గొంతు చించుకుని అరిచాడట. కుర్చీల్లోంచి జనం లేచారట. ఒకాయన చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు, ఒకమ్మాయి ముందు పరిగెత్తి గేటు దగ్గరివాళ్ళని ఆగమని బతిమాలింది. ఆయన లోపలికి దూరగానే వెనక తలుపు వేసేశారట.

నేను బస్సులో దువ్వాడ స్టేషనుకి వచ్చి సాయంత్రం హైదరాబాదు రైలుకి టికెట్టు తీసుకున్నాను. రెండు దాటింది, మూడైంది. అయ్యప్ప ఫోను ఎత్తడు. మా ఆయన ఎత్తడు. నాలుగవుతుండగా మా ఆయన చేశాడు.

"సెప్పండి" అన్నాను. "ఏదైనా సరే సెప్పేయండి."

"ఆడపిల్ల పుట్టింది" అన్నాడు. "సెల్లికి రక్తం ఎక్కించేరు. కళ్ళు తెరిసింది. వదినేదీ అని నిన్నే అడిగింది."

నేను స్తంభానికి ఆనుకున్నాను.

"తలుపులూ, నిన్ను ఆ తుపాకులోళ్ళ మధ్యన ఒదిలేసి ఎల్లిపోయేను. మెట్లెక్కుతా ఒక్కసారైనా ఎనక్కి సూళ్ళేదే. సూత్తే నిన్నొదిలి ఎల్లలేనని బయమేసింది."

"సూసుంటే నేనే పైకొచ్చి తన్నేదాన్ని మిమ్మల్ని" అన్నాను. పొద్దున్నుంచి ఒక్క కన్నీటి చుక్క రానిదాన్ని, దువ్వాడ ప్లాట్‌ఫారం మీద అందరూ చూస్తుండగా బావురుమన్నాను.